కారు వంపుకు పడుగూ పేకా

ఈనాడు కారు చూడనివారు లేరు, కంప్యూటరు ముట్టనివారూ తక్కువే. కానీ కారు తలుపు మీది ఆ నున్నని వంపు కంప్యూటరులో ఏ రూపంలో ఉంటుందని అడిగితే, మన క్లాసులో నూటికి తొంభైమంది "ఏముంది, బొమ్మ ఉంటుంది" అంటారు. బొమ్మ ఉండదు. మరి ఏముంటుందో నాకు చేతనైనంత తేట మాటల్లో చెప్పాలని ఈ వ్యాసం.

ఈ ప్రశ్న మనకెందుకని మిత్రులు అడగవచ్చు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి మీదుగా బస్సులో పోయేటప్పుడు అందరి తలలూ ఒకవైపుకే తిరుగుతాయి. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చిన కియా ఫ్యాక్టరీ అది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అని ప్రారంభంలోనే ప్రకటించారు. వేరుశనగ తప్ప వేరే మాట వినిపించని మన ప్రాంతంలో ఇప్పుడు ప్రెస్‌షాపు, బాడీషాపు, పెయింటుషాపు అన్న మాటలు పిల్లల నోళ్లలో నానుతున్నాయి. అయితే మన ఊళ్ల కుర్రాళ్లకు తెలిసింది ఆ రేకును నొక్కడం, అతకడం, రంగు వేయడం వరకే. రేకు నొక్కడానికి ముందు ఆ వంపు ఎక్కడో ఒకచోట లెక్కగా పుట్టి ఉంటుంది. ఆ లెక్కలో సగం మన బి.ఎస్సీ. సిలబస్‌లోనే ఉంది. తలం, గోళం, శంకువు అని మనం పరీక్షకోసం బట్టీపట్టి, పరీక్ష హాలు గడప దాటగానే మరిచిపోతున్నది అదే.

మొదట బొమ్మ ఎందుకు చాలదో చూద్దాం. పోనీ, బొమ్మ కాకపోతే చుక్కలుంటాయా? ఉపరితలం మీద లక్ష చుక్కలు పెట్టి, పక్కపక్క చుక్కల్ని మూడేసి కలిపితే చిన్న చిన్న త్రిభుజాలు వస్తాయి. సినిమాలకూ వీడియో ఆటలకూ ఈ పద్ధతి చాలు, అక్కడ కంటికి నున్నగా కనిపిస్తే సరి. కానీ ప్రెస్‌షాపులో రేకును కింది అచ్చుకూ పై అచ్చుకూ మధ్య పెట్టి, వందల టన్నుల బలంతో నొక్కుతారు. అచ్చులో ఏముంటే రేకు మీద అదే పడుతుంది. త్రిభుజమంటే ఎంత చిన్నదైనా చదును ముక్కే. రంగువేసి ఎండలో నిలబెడితే ఆ చదును ముక్కలు దొరికిపోతాయి. ఇంకా చిన్నవి చేస్తే ఫైలు పెరుగుతుందేగాని చదునుతనం పోదు.

కాబట్టి చుక్కల్ని దాచకూడదు, చుక్కల్ని పుట్టించే నియమాన్ని దాచాలి. వృత్తానికి కేంద్రమూ వ్యాసార్థమూ రాసిపెట్టుకుంటే చాలదా? ఎప్పుడు ఏ చుక్క కావాలన్నా, ఎంత దగ్గరిది కావాలన్నా అప్పటికప్పుడు లెక్కకట్టి ఇవ్వొచ్చు. ఉపరితలానికీ అంతే.

ఆ నియమం ఎట్లా ఉంటుందో తెలియాలంటే ఇంజనీరింగు కాలేజీకి పోనక్కరలేదు, ధర్మవరంలో ఏ మగ్గం ముందైనా అరగంట కూర్చుంటే చాలు. నిలువుగా సాగిన పోగులు పడుగు, అడ్డంగా నేసేవి పేక. పడుగులో రెండు వందలో పోగు, పేకలో మూడు వందల యాభయ్యో పోగు అని చెబితే చీరలో ఒకే ఒక్క చోటు దొరుకుతుంది. అది ఆ చోటుకు చిరునామా. బుటా వేసేవాళ్లు గ్రాఫు కాగితం మీద గడులు నింపేదీ, దాన్ని చూసి జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేదీ ఈ చిరునామాల ధైర్యంతోనే. ఇప్పుడు ఆ చీరను బల్లమీద పరచండి, భుజాన వేసుకోండి, మడత పెట్టండి. పోగుల సంఖ్యలు మారవు. ఆ సంఖ్యల దగ్గరున్న చుక్క గదిలో ఎక్కడుందన్నదే మారుతుంది.

లెక్కల్లో పడుగు సంఖ్యను 'యు' అనీ, పేక సంఖ్యను 'వీ' అనీ అంటారు. ఉపరితలమంటే ఇంతే: యు, వీ అనే రెండు సంఖ్యలిస్తే ఎక్స్, వై, జెడ్ అనే మూడు సంఖ్యలు తిరిగిచ్చే నియమం. మగ్గానికీ దీనికీ రెండు తేడాలున్నాయి. మగ్గంలో పోగులు ఒకటి, రెండు, మూడు అని లెక్కకు వస్తాయి. ఇక్కడ యు విలువ రెండున్నర కావొచ్చు, రెండున్నరకు పైన వెయ్యోవంతు కూడా కావొచ్చు, పోగుకూ పోగుకూ మధ్య సందే లేదు. రెండోది, పట్టు సాగదు, లెక్కల గుడ్డ రబ్బరులాగా ఎంతైనా సాగుతుంది. అందుకే చీరతో బంతిని ముడతలు లేకుండా చుట్టలేకపోయినా, యు, వీలతో చుట్టగలం.

మనం పుస్తకంలో చదివే గోళ సమీకరణం వేరే రకం. ఎక్స్, వై, జెడ్‌ల వర్గాలు కూడితే వ్యాసార్థం వర్గం రావాలి అంటుంది అది. ఫలానా చుక్క గోళం మీదుందా లేదా అని అడిగితే చక్కగా తీర్పు చెబుతుంది. కానీ పక్క చుక్కకు దారి చూపమంటే చూపదు. ఉపరితలం మీద నడవాలన్నా, గీత గీయాలన్నా, అచ్చు చెక్కే కత్తికి దారి చెప్పాలన్నా పడుగుపేకల పద్ధతే మేలు.

ఇక ప్రోగ్రాముల సంగతి. ఓపెన్ క్యాస్కేడ్ అని ఒక లైబ్రరీ ఉంది. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల గది కాదు, వేరేవాళ్లు రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, మనం విప్పుకుని వాడుకోవచ్చు. మాత్రా డాటావిజన్ అనే ఫ్రెంచి కంపెనీ దీన్ని తయారుచేసి, 1999లో మూలకోడుతో సహా లోకానికి వదిలేసింది. సీ ప్లస్ ప్లస్ భాషలో ఉంటుంది. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ అనే డిజైను ప్రోగ్రాము దీనిమీదే నడుస్తుంది. పెద్ద కార్ల కంపెనీలు వాడే క్యాటియా, ఎన్ఎక్స్ వంటివి లక్షల ఖరీదు, వాటి కడుపులో ఏముందో ఎవరూ చూపరు. దీని కడుపు మాత్రం తెరిచే ఉంది. లోపలి గణితం చాలావరకు ఒక్కటే గనుక మనలాంటివాళ్లు చదువుకోవడానికి ఇదే తగినది.

ఇందులో ఉపరితలాలన్నిటికీ పెద్ద తలకాయ జియోమ్ సర్ఫేస్ అనే పేరు. దానికి సొంత ఆకారం లేదు. అంగడికి పోయి "ఒక సేరు ధాన్యం ఇవ్వు" అంటే అంగడివాడు "ఏ ధాన్యం?" అంటాడు. వడ్లో జొన్నలో రాగులో కొనగలంగాని ఉత్త ధాన్యాన్ని కొనలేం. అయినా ధాన్యమనే మాటకు పని ఉంది: ధాన్యమన్నదేదైనా కొలవొచ్చు, దంచొచ్చు, నిలవ చేయొచ్చు. జియోమ్ సర్ఫేస్ కూడా అట్లాంటి మాటే. ఉపరితలమన్నది ఏదైనా కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలని అది శాసిస్తుంది. నీ యు, వీలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా? నువ్వు చుట్టూ తిరిగి కలుసుకుంటావా, లేక ఎడంగానే ఉంటావా? ఈ యు, ఈ వీ దగ్గర నీ చుక్క ఏది? చివరి ప్రశ్నకు డీ-జీరో అని పేరు. డీ-వన్ అని అడిగితే చుక్కతోబాటు పడుగు దిక్కులోనూ పేక దిక్కులోనూ రెండు స్పర్శ సదిశల్ని ఇస్తుంది. అవి మన పాక్షిక అవకలనాలే, మరేమీ కాదు. ఆ రెండిటికీ సదిశా గుణకారం చేస్తే ఉపరితలానికి నిటారుగా నిలిచే అభిలంబం వస్తుంది. డీ-టూ అంటే రెండో అవకలనాలు, వంపు ఎంత గట్టిదో తెలిసేది వాటితోనే.

ఈ ఏర్పాటులో గొప్ప ఏమిటంటే, తెరమీద గీసే ప్రోగ్రాముకు తాను గీస్తున్నది గోళమో, పైపో, కారు బానెట్టో తెలియనక్కరలేదు. జకార్డుకు అట్టమీద హంస ఉందో మామిడిపిందె ఉందో తెలుస్తుందా? రంధ్రం ఉందా లేదా అనేదే దానికి కావాలి.

తలకాయ కింద పిల్లలు. మొదటి గుంపు ఐదు సాదా ఆకారాలు: తలం, స్థూపం, శంకువు, గోళం, టోరస్. మిద్దె కప్పు, బోరు పైపు, కళ్లంలో పోసిన ధాన్యం రాశి, బంతి, స్కూటరు ట్యూబు అనుకోండి. గోళానికి ఎక్కడుందో చెప్పే స్థానమూ ఒక వ్యాసార్థమూ తప్ప ఏమీ దాచరు. తలానికి ఎల్ల లేదు, నాలుగు దిక్కులా అనంతంగా పోతూనే ఉంటుంది. గోళం చూడటానికి సాధువేగాని లోపల ఒక పేచీ ఉంది. ధ్రువం దగ్గర యు ఎంత ఇచ్చినా చుక్క ఒక్కటే వస్తుంది. పోగులన్నీ ఒకచోట ముడిపడతాయి. అక్కడ ఒక దిక్కు స్పర్శ సదిశ సున్నా, సదిశా గుణకారం కూడా సున్నా. గోళం పైకొసన అభిలంబం నిటారుగా పైకే ఉందని పసిపిల్లవాడికీ తెలుసు, ఈ సూత్రానికి మాత్రం తెలియదు. అటువంటి చోట్లకు వేరే జాగ్రత్త రాసుకోవాలి.

రెండో గుంపు ఒక గీతను కదిలించి చేసేవి. గీతను ఒక దిక్కుగా లాగితే ఒక రకం, ఒక అక్షం చుట్టూ తిప్పితే ఇంకొక రకం. తిప్పడానికి మన చేన్లోని శెనక్కాయకంటే మంచి ఉదాహరణ లేదు. కాయను నిలువునా చీల్చి, అంచును కాగితం మీద గీసి, ఆ గీతను నడిమి అక్షం చుట్టూ ఒక్క చుట్టు తిప్పితే కాయ తయారు. హిందూపురం మార్కెట్టుకు వచ్చే పట్టుగూడు కూడా దాదాపు ఇట్లాంటిదే, గీత ఇంకా సులువు. ఇక్కడ వీ అంటే గీతవెంట నడక, యు అంటే తిరిగిన కోణం. పొట్టు మందం కావాలంటే దానికీ ఒక ఉపరితలం ఉంది: ఉన్న ఉపరితలాన్ని అభిలంబం దిక్కులో అంతటా ఒకే దూరం జరపడం. దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. రేకుకు పై ముఖమూ లోపలి ముఖమూ ఉంటాయిగదా, అక్కడ దీని అవసరం.

ఇంతవరకూ అచ్చొచ్చింది. కానీ లేపాక్షి బసవన్న దగ్గరికి పోయి నిలబడండి. సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, ఏకశిల. ఆ మూపురం గోళమా? శంకువా? మెడకింద మడతలు ఏ గీతను తిప్పితే వస్తాయి? ఏవీ కుదరవు. శిల్పికి సమీకరణం అక్కరలేకపోయింది, చేయి చాలింది. అచ్చు చెక్కే యంత్రానికి చేయి లేదు.

ఈ చిక్కు మొదట విప్పినవాళ్లు కార్లవాళ్లే. 1959లో ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ దె కాస్తెల్జో ఒక పద్ధతి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని గుట్టుగా దాచిపెట్టింది. 1960ల్లో రెనో కంపెనీలో పియెర్ బెజియే వేరే దారిన అక్కడికే చేరి, బయటికి చెప్పాడు. అందుకే పేరు బెజియేకు దక్కింది. గుట్టు దాస్తే పేరు పోతుందన్నమాట.

పద్ధతి చిన్నపిల్లల ఆటంత సులువు. గ్రాఫు మీద మూడు చుక్కలు పెట్టండి: (0,0), (4,8), (8,0). మొదటి రెంటికీ మధ్యబిందువు (2,4). చివరి రెంటికీ మధ్యబిందువు (6,4). ఈ రెంటికీ మధ్యబిందువు (4,4). అంతే, వక్రం నట్టనడిమి చుక్క దొరికింది. సగం బదులు మూడోవంతు దగ్గర, పదోవంతు దగ్గర ఇట్లాగే చేస్తే వక్రమంతా వస్తుంది. చూడండి, నడిమి చుక్క ఎనిమిది ఎత్తులో ఉంది, వక్రం నాలుగు ఎత్తుకే పోయింది. నియంత్రణ బిందువును వక్రం తాకదు, దానివైపు మొగ్గుతుంది. బిందువును జరిపితే వక్రం వెంట వస్తుంది. ఉపరితలం కావాలంటే అడ్డం నాలుగు, నిలువు నాలుగు, మొత్తం 16 బిందువుల్ని నులకమంచం అల్లికలాగా వలగా పరచి, ఒకసారి పడుగువైపు, ఒకసారి పేకవైపు ఇదే ఆట ఆడాలి. 16 బిందువులంటే 48 సంఖ్యలు. లక్ష త్రిభుజాలకు బదులు 48 సంఖ్యలు!

దీనిలో రెండు లోపాలున్నాయి. ఒకటి, ఒక బిందువు జరిపితే ముక్క అంతా కదులుతుంది. తలుపు పిడి దగ్గర సర్దబోతే అద్దం దగ్గర వంపు చెడుతుంది. ముక్కల్ని ముడులతో కలిపే బీ-స్ప్లైన్ దీనికి మందు. ఆ ముడుల్ని ఇంగ్లీషులో నాట్లు అంటారు, మన వరినాట్లు కావు. బిందువు జరిపితే దాని చుట్టుపక్కలే మారుతుంది. స్ప్లైన్ అన్నది ఓడలు కట్టేవాళ్ల మాట, సీసపు బరువులు పెట్టి వంచే పలుచని చెక్క బద్ద. రెండో లోపం, సాదా బెజియేతో ఖచ్చితమైన వృత్తం రానే రాదు. ఒక మీటరు వ్యాసార్థం ఉన్న బండిచక్రంలో పావుభాగానికి (1,0), (1,1), (0,1) అని మూడు బిందువులు పెట్టి చూడండి. నడిమి చుక్క (0.75, 0.75) దగ్గర పడుతుంది. కేంద్రం నుంచి దాని దూరం 1.06. అంటే ఆరు సెంటీమీటర్లు బయటికి పొంగింది. ఆ చక్రం తొడిగిన బండెక్కితే నడుములు విరుగుతాయి. నడిమి బిందువుకు 1 బదులు 0.7071 బరువిచ్చి సగటు తీస్తే చుక్క సరిగ్గా వృత్తం మీద కూర్చుంటుంది. ఇట్లా బరువులున్న బీ-స్ప్లైన్లకే నర్బ్స్ అని పేరు. ఓపెన్ క్యాస్కేడ్‌లో వీటి తరగతి 25 దాకా పోవచ్చు, పనికి సాధారణంగా మూడో ఐదో చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించిన సంగతికి వస్తాను. ఉపరితలం వేరు, ముఖం వేరు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడేనని నా అభిప్రాయం. రైతుబిడ్డలకు మాత్రం ఇది తేలిక. నేల వేరు, పట్టా వేరు కదా. నేల కొండదాకా పరుచుకునే ఉంటుంది. దానిమీద సర్వేనంబరు, హద్దులు, గట్లు మనం గీసుకున్నవి. అట్లాగే తలం అనంతం, దానిలో బల్ల పైభాగమంత ముక్కను హద్దులతో కత్తిరిస్తే అది ముఖం. ఒకే నేలమీద రెండు పట్టాలున్నట్టు, ఒకే ఉపరితలం మీద రెండు ముఖాలుండవచ్చు. నేల సంగతులు జియోమ్ వైపు పొత్తాల్లో, హద్దుల సంగతులు టోపో వైపు పొత్తాల్లో విడివిడిగా రాసిపెడుతుంది లైబ్రరీ. హద్దుల వరుస ఇది: శీర్షం, అంచు, అంచుల చుట్టు, ముఖం, ముఖాల పెంకు, ఘనం.

హద్దును ఎక్కడ రాయాలి? అంచు గదిలో ఒక వక్రం. అది ఉపరితలం మీదే ఉంటుంది గనుక, యు, వీల గ్రాఫు కాగితం మీద కూడా దానికో గీత ఉంటుంది. రెండు ముఖాలు కలిసే అంచుకు గదిలో ఒక వక్రమూ, రెండు ఉపరితలాల కాగితాల మీద రెండు గీతలూ, మొత్తం మూడు రాతలు. ఈ మూడూ ఒకటే గట్టును చెప్పాలి. చెబుతాయా? మా నాయనకూ పెదనాయనకూ చేను పంచినప్పుడు ఆయన వైపు నుంచి కొలిచిన గట్టూ, మా వైపు నుంచి కొలిచిన గట్టూ జానెడు తేడా వచ్చింది. గట్టు ఒక్కటే, కొలతలు రెండు. పెద్దమనుషులు కూర్చుని "జానెడు లోపల తేడా తేడా కాదు" అని తేల్చారు. కంప్యూటరులోనూ ఈ పంచాయతీ తప్పదు. మనం చెప్పుకున్న 16 బిందువుల ముక్కలు రెండు ఒకదాన్నొకటి కోసుకుంటే, ఆ కోత గీత సమీకరణం తరగతి 324 దాకా పోవచ్చు. దాన్ని ఖచ్చితంగా రాయడం కుదిరే పని కాదు. అందుకని కొన్ని చుక్కలు పట్టుకుని వాటిగుండా దగ్గరి దగ్గరిగా ఒక బీ-స్ప్లైన్ లాగుతారు. దగ్గరి అంటే ఎంత? ప్రతి అంచుకూ ప్రతి శీర్షానికీ ఒక సహన పరిమితి రాసి ఉంటుంది. మామూలుగా అది 0.0000001, అంటే మిల్లీమీటర్లలో కొలిస్తే ఒక మిల్లీమీటరులో కోటోవంతు. ఆ లోపల తేడా తేడా కాదు. ఒక ప్రోగ్రాములో చేసిన నమూనా ఇంకో ప్రోగ్రాములో విప్పితే ముఖాలు ఊడిపోవడం, సందులు పడటం చాలావరకు ఈ జానెడు తగాదావల్లనే. ఒకరి జానెడు ఇంకొకరికి మూరెడు.

పైపు ముఖం ఇంకో తమాషా. లుంగీని ఒకే కుట్టుతో కుడతాం. విప్పి పరిస్తే ఆ ఒక్క కుట్టు ఎడమ అంచుగానూ కుడి అంచుగానూ రెండుసార్లు కనిపిస్తుంది. స్థూపం ముఖంలోనూ అంతే, గదిలో ఒక్క అంచు, కాగితం మీద రెండు గీతలు.

అతుకు గట్టిగా పడినంత మాత్రాన నున్నగా ఉన్నట్టు కాదు. రెండు ముక్కలు తాకితే ఒక మెట్టు, స్పర్శతలాలు కలిస్తే రెండో మెట్టు, వంపు గట్టితనం కూడా కలిస్తే మూడో మెట్టు. రెండో మెట్టు దగ్గర ఆగితే చేతికి నున్నగానే తగులుతుంది. కానీ పైన ట్యూబులైటు వెలిగిస్తే దాని నీడ అతుకు దగ్గర చటుక్కున మలుపు తిరుగుతుంది. కార్లవాళ్లు చారల వెలుగు కింద చూసేది ఈ మలుపు కోసమే.

ఈ పనులు పరదేశాల్లోనే జరుగుతాయని అనుకోనక్కరలేదు. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా పుట్టి 2014లో సైయెంట్‌గా పేరు మార్చుకున్న ఇంజనీరింగ్ సేవల కంపెనీ హైదరాబాదుది. హ్యుందయ్ వారి ఇంజనీరింగు కేంద్రమూ హైదరాబాదులోనే ఉంది. లెక్కల విద్యార్థులం మనం ఆ తలుపు తట్టాలంటే ముందు ఈ మాటలు చెవిన పడాలి. మన పుస్తకాల్లో తలం, గోళం, శంకువు పాఠాల చివర ఈ సంగతి ఒక్క పేరా ఉన్నా బాగుండేది.

ఆసక్తి ఉన్నవాళ్లు ఇట్లా చేసి చూడండి. ఫ్రీక్యాడ్ దించుకోండి, మన ల్యాబులోని పాత కంప్యూటర్లమీద కూడా నడుస్తోంది. రెండు గింజల శెనక్కాయను చీల్చి, గ్రాఫు కాగితం మీద అంచు గీసి, ఎనిమిది పది చుక్కల కొలతలు తీసుకోండి. వాటిగుండా బీ-స్ప్లైన్ పోనిచ్చి 360 డిగ్రీలు తిప్పండి. తర్వాత పైథాన్‌లో ఒక్కొక్క యు, వీ దగ్గర రెండు ముఖ్య వక్రతల్ని అడిగి గుణించండి. గింజ పొంగు దగ్గర ధనాత్మకం వస్తుంది. నడుము నొక్కు దగ్గర ఋణాత్మకం, గుర్రపు జీను మాదిరి. ఆ రెంటికీ నడుమ లబ్ధం సున్నా అయ్యే వలయం ఒకటి కాయచుట్టూ ఉంటుంది. దాన్ని పట్టడానికి నాకు నలభై లైన్ల కోడు, రెండు రాత్రుల కరెంటు పట్టింది.